గట్టు మీద కూర్చున్నది ఎవరు?

వైశాఖం ప్రవేశించిందంటే నిజామాబాదు పట్టణంలో మధ్యాహ్నపు వీధులు నిర్మానుష్యమవుతాయి. 44, 45 డిగ్రీల ఎండ మన జిల్లాకు కొత్త కాదు. సాయంకాలం కాగానే భుజాన తువ్వాలు, చేతిలో నీటి కళ్ళజోడు పట్టుకొని పిల్లలు ఈత కొలనులకు బయలుదేరుతారు. వారి వెనుకనే వైద్యుల వద్దకు ప్రశ్నలు బయలుదేరుతాయి. కొలనులో దిగి వచ్చిన పిల్లవాని కళ్ళు ఎర్రబడుతున్నవి, ఏ చుక్కలు వేయవలె? జుట్టు పీచువలె అయినది, ఏ తైలం రాయవలె? చెవిపోటుకు వెల్లుల్లి వేసి కాచిన నూనె మంచిదేనా?

ఈ ప్రశ్నలకు నేను అనేక సంవత్సరాలుగా సమాధానాలు చెబుతూ వచ్చాను. ఈ వ్యాసంలోనూ చెబుతాను. కాని వాటిని చివరకు తోశాను. వాటి స్థానం అదేనని నాకు గత వేసవిలో తెలిసివచ్చినది.

మా చెల్లెలి మనుమడు ఏడేండ్లవాడు. సెలవులకు బోధన్ నుండి వచ్చాడు. ఒక సాయంకాలం వాడిని తీసుకొని నలుగురం పెద్దవారం ఒక ఈత కొలనుకు వెళ్ళాము. ఆ కొలను పేరు ఇక్కడ అవసరం లేదు, ఎందుకనగా తప్పు మాది. వాడి తండ్రి ఫోనులో మాట్లాడుతున్నాడు. తల్లి సంచిలో దేనికో వెదుకుతున్నది. అమ్మమ్మ, అనగా మా చెల్లెలు, నీళ్ళు తన మీద చిందకుండా దూరంగా కూర్చున్నది. నేను గట్టు మీద కుర్చీ వేసుకొని, పక్కనున్న మిత్రునితో కర్ణపూరణం గురించి, అంటే చెవిలో నూనె నింపే పద్ధతి గురించి గట్టిగా వాదిస్తున్నాను. ఈత నుండి వచ్చిన పిల్లల చెవిలో నూనె వేయరాదని నా వాదం. నా వాదం సరైనదే. కాని ఆ సమయంలో మా బాలుడు మాకు పదడుగుల దూరంలో నీటి కిందికి పోతున్నాడు.

కేక లేదు. నీళ్ళు ఎగజిమ్మడం లేదు. నలుగురిలో ఒక్కరమూ చూడలేదు. గట్టు తుడుస్తున్న ఒక స్త్రీ చీపురు వదిలి, "సార్, గా పిల్లగాడు లేస్తలేడు" అన్నది. తండ్రి ఫోనుతో సహా దూకి వాడిని పైకి తెచ్చాడు. వాడు దగ్గాడు, నీళ్ళు కక్కాడు, ఏడ్చాడు. ఆ ఏడుపు కంటె శ్రావ్యమైన ధ్వని నేను వినలేదు. తరువాత ఆమెను అడిగాను, నీకెట్లా తెలిసిందమ్మా అని. "మా ఊరి కాలువల చూసిన సార్. గిట్లనే చప్పుడు లేకుంట పోతరు" అన్నది.

వైద్యశాస్త్రం చెప్పేది కూడ ఇదే. సినిమాలో మునిగేవాడు చేతులు ఊపి "రక్షించండి" అని కేకలు వేస్తాడు. నిజంగా మునిగేవానికి కేక వేయడానికి ఊపిరి ఉండదు. నోరు నీటి పైకి వచ్చిన క్షణంలో గాలి పీల్చుకోవడమే గగనం, మాట ఎక్కడిది? చేతులు ఊపడానికి బదులు నీటిని కిందికి అదుముతుంటాయి. తల వెనుకకు వాలి ఉంటుంది, జుట్టు కళ్ళ మీద పడినా తొలగించుకోడు, శరీరం నిలువుగా ఉండి కాళ్ళు మెట్లు లేని బావిలో మెట్ల కోసం వెదకినట్లు కదులుతాయి. ఈ స్థితి సుమారు 20 నుండి 60 సెకండ్లు. ఆ తరువాత మునక. దూరం నుండి చూసినవారికి పిల్లవాడు నీటిలో నిలబడి ఆడుకుంటున్నట్లే కనబడుతుంది. అల్లరి చేస్తున్న పిల్లవాడు క్షేమంగా ఉన్నాడు. హఠాత్తుగా నిశ్శబ్దమైనవాని వైపు చూడవలెను.

2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టినది. అందులో దాదాపు నాలుగవ వంతు అయిదేండ్ల లోపు శిశువులు. అదే సంవత్సరం నుండి జూలై 25ను నీట మునుగుడు నివారణ దినంగా పాటిస్తున్నారు. మన ప్రాంతానికి జూలై ఆలస్యం. మనకు కావలసినది ఏప్రిల్.

మన ప్రాంతం అన్నాను గనుక దాని నీళ్ళను గురించి కొంత చెప్పక తప్పదు. మంజీరకు అడ్డంగా 1923లో ప్రారంభించి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ ఈ నేలకు ప్రాణం పోసింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అనే ఇంజనీరు పేరు పాతతరం వారి నోట ఇంకా వినబడుతుంది. ఆ కాలువ నీటితో చెరకు వచ్చినది. చెరకుతో 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడినా కాలువలు మూతబడలేదు. ఊరి ముందు చెరువు, చేను పక్కన పిల్లకాలువ, కొంచెం పోతే అలీసాగర్, ఇంకొంచెం పోతే కందకుర్తి వద్ద మంజీర గోదావరిలో కలిసే చోటు. ఇన్ని నీళ్ళ మధ్య పుట్టిన పిల్లవాడిని నీటికి దూరంగా పెంచడం ఎట్లా సాధ్యం?

మా తరం పిల్లలు ఈత నేర్చినది మోట బావులలో. వీపుకు బెండ్లు కట్టేవారు, నడుముకు మోకు కట్టేవారు, ఆ మోకు రెండవ కొస మేనమామ చేతిలోనో తాత చేతిలోనో ఉండేది. నేను ఈ మాటను గతకాలపు గొప్ప చెప్పుకోవడానికి అనడం లేదు. ఆ బావులలో పోయిన ప్రాణాలూ ఉన్నవి, పాతరోజులలో అన్నీ మంచివే అనేవారితో నాకు పేచీ. కాని ఒక్క విషయం గమనించండి. మెట్ల మీద కూర్చున్న ఆ తాతకు ఆ గంటసేపు వేరే పని ఉండేది కాదు. మోట బావుల స్థానంలో బోరు బావులు వచ్చినవి. ఆ తాత స్థానంలో మాత్రం ఎవరూ రాలేదు.

మన మధ్యతరగతి ఇండ్లలో దీనికి బదులుగా వచ్చినది నిషేధం. "నీళ్ళ జోలికి పోవద్దు బిడ్డా" అని చెప్పి తలుపు గడియ పెట్టి, పిల్లవాడు క్షేమమని తలుస్తాము. పది పన్నెండేండ్లు వచ్చిన పిల్లవాడు ఆ నిషేధాన్ని వింటాడా? వినడు. స్నేహితులతో కలిసి సైకిలెక్కి చెప్పకుండా కాలువకు వెళ్తాడు. చెప్పకుండా వెళ్ళినవానికి గట్టు మీద పెద్దవారు ఎవరూ ఉండరు; ఒకడు మునిగితే తోటివాడు, తానూ ఈత రానివాడు, వానిని పట్టుకోవడానికి దిగుతాడు. ప్రతి వేసవిలో పత్రికలలో ఒకే వార్తలో రెండు మూడు పేర్లు కలిసి రావడానికి కారణం ఇదే.

కాలువ చూడడానికి బావి కంటె సాధువుగా ఉంటుంది. కాని సిమెంటు వేసిన వాలు గట్టు మీద నాచు పట్టి ఉంటే ఈత వచ్చినవాడు కూడ ఎక్కి రాలేడు. ఉదయం మోకాలి లోతున్న నీరు పైన తూము ఎత్తితే సాయంకాలానికి నిలువు లోతు కావచ్చును. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో, లార్జీ ఆనకట్ట నుండి వదిలిన నీటి ఉధృతికి, మన హైదరాబాదు నుండి విహారయాత్రకు వెళ్ళిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయిన సంగతి మరువలేనిది. వారు ఈతకు కూడ దిగలేదు, ఒడ్డున రాళ్ళ మీద ఉన్నారు. ఇక మంజీరలో ఇసుక తోడిన చోట పాదం కింద నేల ఎక్కడ తెగుతుందో చెప్పలేము. చెరువుల పూడికతీతకు 2015లో మన సదాశివనగర్‌లోనే మిషన్ కాకతీయను ప్రారంభించారు, మంచి పని. అయితే పూడిక తీసిన చెరువు అడుగు మునుపటివలె సమంగా ఉండదు. తాత ఎరిగిన చెరువు మనుమనికి తెలియని చెరువు అయినది.

కనుక నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పిల్లలకు ఈత తప్పక నేర్పవలెను. నేర్పవలసిన చోటు కాలువ కాదు, కొలను. లోతు తెలిసిన నీరు, ప్రవాహం లేని నీరు, అడుగు కనబడే నీరు అక్కడ దొరుకుతుంది. డబ్బు దండుగ అనుకునే తండ్రులకు ఒక మాట: నెలరోజుల ఈత రుసుము కంటె ఎక్కువ మొత్తాన్ని మనం పిల్లల బలానికని లేహ్యాల సీసాలపై ఖర్చు చేస్తున్నాము. లేహ్యాలు సూచించే వైద్యుడనై ఉండి ఈ మాట అంటున్నాను.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పవలసి వస్తున్నది. కొడుకును కొలనుకు పంపిన ఇంటివారే కూతురిని పంపరు. ఆ పిల్లయే రేపు బాసరలో స్నానానికి గోదావరిలో దిగుతుంది, చీర తడిసి బరువెక్కి కాలికి చుట్టుకుంటుంది. ఎల్లుండి తన బిడ్డను కొలనుకు తీసుకొనిపోయి, ఈత రాక, గట్టు మీద నిస్సహాయంగా నిలబడుతుంది. స్త్రీలకు వేరు వేళలు పెట్టిన కొలనుల నిర్వాహకులను అభినందించవలెను. పెట్టనివారిని నలుగురం కలిసి వెళ్ళి అడగవలెను.

కొలను అయినంత మాత్రాన భయం లేదని కాదు. రుసుము కట్టే ముందు గట్టు మీద నిలబడి నీటి అడుగున ఉన్న పలకలు చూడండి. స్పష్టంగా కనబడకపోతే వెనుకకు రండి, ఎందుకనగా అడుగుకు చేరిన పిల్లవాడు కూడ ఆ నీటిలో కనబడడు. ఘాటైన క్లోరిన్ వాసన వస్తే శుభ్రతకు గుర్తు అని చాలామంది తలుస్తారు. అది పొరపాటు. చెమట, మూత్రము క్లోరిన్‌తో కలిసినప్పుడు పుట్టే పదార్థాల వాసన అది. కళ్ళు మండేది కూడ ముఖ్యంగా వాటి వల్లనే. సక్రమంగా ఉంచిన నీటిలో లీటరుకు 1 నుండి 3 మిల్లీగ్రాముల క్లోరిన్, 7.2 నుండి 7.8 వరకు పీహెచ్ ఉండవలెను. రోజూ కొలిచి రాసే పుస్తకం ఉన్నదా అని నిర్వాహకుని అడగండి. అడిగితే నొచ్చుకునేవాని కొలనుకు పోకపోవడమే మేలు. లోతు అంకెలు గట్టు మీద రాసి ఉన్నవా, పొడవాటి గెడ, తాడు కట్టిన గాలిచక్రం చేతికి అందేటట్లు ఉన్నవా, రక్షకుడు ఉన్నాడా, ఉన్నవాడు నీటిని చూస్తున్నాడా ఫోనును చూస్తున్నాడా, ఇవన్నీ రెండు నిమిషాలలో తెలిసిపోతాయి.

నిస్సారపు లోతులో తలకిందులుగా దూకి మెడ ఎముక విరిగి జీవితమంతా మంచం పట్టిన యువకులు ఉన్నారు. నీటి కింద ఎవరెక్కువ సేపు ఉండగలరని పందెం కాయడం మరొక ప్రమాదం. వేగంగా పలుమార్లు ఊపిరి తీసి మునిగినవానికి గాలి కావాలన్న తపన పుట్టక ముందే స్పృహ పోతుంది, మంచి ఈతగాళ్ళే దీనికి బలి అవుతారు. అడుగున నీరు లాగే రంధ్రాల దగ్గర ఆడపిల్లల జడలు చిక్కుకోకుండా టోపీ పెట్టవలెను. గాలి నింపిన రబ్బరు ట్యూబులు, చేతి పట్టీలు ఆటవస్తువులే. వాటిని నమ్మి తల తిప్పరాదు. చిన్నపిల్లలు నీటిలో ఉన్నంతసేపు పెద్దవారు చేయి చాస్తే అందే దూరంలో ఉండవలెను, గట్టు మీద కాదు, వీలైతే నీటిలోనే.

మన శాస్త్రం ఏమంటుందని అడిగేవారు ఉంటారు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్య చెబుతూ, బాహువులను నమ్ముకొని నదిని ఈది దాటవద్దన్నాడు. అనుమానాస్పదమైన పడవ ఎక్కవద్దని కూడ అక్కడే చెప్పాడు. దీనిని ఈతకు నిషేధంగా నేను భావించను. తన బలం మీద అతి నమ్మకానికి నిషేధం. గ్రీష్మంలో వ్యాయామాన్ని, ఎండను విడువమన్నాడు. కనుక ఈత ఉదయం ఎనిమిదిలోపు, లేదా సాయంకాలం అయిదు దాటిన తరువాత. నేత్ర, కర్ణ, ముఖ రోగాలు ఉన్నవారు, అతిసారం, పడిశం, కడుపుబ్బరం, అజీర్ణం ఉన్నవారు, అప్పుడే భుజించినవారు స్నానం చేయరాదన్న నియమం కొలనుకు అక్షరాలా వర్తిస్తుంది. విరేచనాలవుతున్న పిల్లవానిని కొలనులో దింపితే కొన్ని సూక్ష్మక్రిములు క్లోరిన్‌కు కూడ త్వరగా చావక మిగిలిన పిల్లలందరికీ అంటుతాయి.

ఇక మునిగినవానిని బయటికి తీసిన తరువాత సంగతి. ఇక్కడ మన గృహవైద్యానికి పని లేదని నిస్సంకోచంగా రాస్తున్నాను. కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకొని తిప్పడం, కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం, ఉప్పు రాశిలో పడుకోబెట్టడం, ఇవన్నీ అమూల్యమైన నిమిషాలను హరిస్తాయి. కడుపు నొక్కితే వచ్చే వాంతి ఊపిరితిత్తులలోకి పోయి మరింత కీడు చేస్తుంది. మెదడుకు ప్రాణవాయువు అందక నాలుగైదు నిమిషాలు గడిస్తే శాశ్వత నష్టం మొదలవుతుంది. ఊపిరి ఆడనివానిని వెల్లకిల పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ముందు రెండు ఊపిరులు ఊదవలెను. పిదప రొమ్ము మధ్య ఎముక మీద అరచేతి మడమతో 30 సార్లు, నిమిషానికి 100 నుండి 120 వేగంతో నొక్కి, మరల రెండు ఊపిరులు. పెద్దవారికి రెండంగుళాల లోతు, పిల్లలకు రొమ్ము మందంలో మూడవ వంతు. వేరొకరు 108కు ఫోను చేయవలెను. ఊపిరి తిరిగి వచ్చేవరకో, అంబులెన్సు వచ్చేవరకో ఆపరాదు. దీనిని చదివి నేర్వలేము. తెలిసినవారి దగ్గర బొమ్మ మీద ఒకసారి చేసి నేర్చుకోవలెను. ఈత నేర్పే ప్రతి శిబిరంలో తల్లిదండ్రులకు ఈ ఒక్క పాఠం చెప్పించాలని నా విన్నపం.

లేచి కూర్చొని మాట్లాడుతున్నా, నీళ్ళు మింగి దగ్గుతున్న పిల్లవానిని ఆసుపత్రిలో చూపించవలెను. ఆయాసం కొన్ని గంటల తరువాత రావచ్చును. మావాడిని ఆ రాత్రి అక్కడే ఉంచారు. మా చెల్లెలు శొంఠి కషాయం కాచి గిన్నెలో తెచ్చినది. దగ్గుతున్న పిల్లవానికి నోటి ద్వారా ఏమీ వద్దని వైద్యులు వారించారు. ఆమె నా వైపు చూసింది, అన్నయ్య ఆయుర్వేదం పక్షాన మాట్లాడతాడని. నేను గిన్నె మీద మూత పెట్టాను.

ఇప్పుడు ఆ ప్రశ్నలకు వస్తాను. కళ్ళు మండితే శుభ్రమైన చల్లని నీటితో కడగడం చాలు; ముందుగా కళ్ళజోడు పెడితే అదీ అవసరం లేదు. తేనె, ఆముదం, చనుబాలు, ఇంట్లో కాచిన త్రిఫల కషాయం ఎర్రబడిన కంటిలో వేయరాదు. పుసులు కట్టినా, వెలుతురు చూడలేకపోయినా, ఒక దినంలో తగ్గకపోయినా నేత్రవైద్యుని చూడవలెను. చెవిలో నీరు నిలిస్తే తల పక్కకు వంచి తువ్వాలు అంచుతో అద్దండి. అగ్గిపుల్ల, పిన్నీసు, దూది పుల్ల పెట్టవద్దు. చెవి తమ్మెను లాగితే నొప్పి పుడుతున్నదంటే లోపల పుండు పడినదని అర్థం, అప్పుడు వెల్లుల్లి నూనె కాదు గదా ఏ నూనె కూడ వేయకూడదు. కర్ణభేరికి రంధ్రం ఉన్నవారికి ఆ నూనె లోపలికి దిగి అపకారం చేస్తుంది. కర్ణపూరణం పొడి చెవికి, ఆరోగ్యమైన చెవికి, వైద్యుని పర్యవేక్షణలో చేసేది.

జుట్టును కొలనులో దిగే ముందే మంచినీటితో తడపండి. తడిసిన జుట్టు క్లోరిన్ నీటిని తక్కువగా పీలుస్తుంది. తలకు నూనె రాసుకొని కొలనులో దిగడం మాత్రం తోటివారికి అన్యాయం, నీరు జిడ్డెక్కుతుంది. అభ్యంగనం ఇంట్లో చేయండి, రాత్రి కొబ్బరినూనె రాయండి. ఒంటికి పెసరపిండి మంచిది. దాహానికి ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, నిమ్మరసం, సబ్జా గింజలు నానిన నీరు. మన చెరకు రసం కూడ మంచిదే, కాని అది గురువు, ఈత ముందు వద్దు. గడలు కడిగి, ఎదుట పిండించి, ఐసు లేకుండా తాగండి. ఆ ఐసు ఏ నీటితో చేసినదో బండివానికి కూడ తెలియదు.

మావాడు ఈ వేసవికీ కొలనుకు వెళ్తున్నాడు. మానిపించుదామని వాడి తండ్రి అన్నాడు, నేను ఒప్పుకోలేదు. మా ఇంట్లో ఒక కాగితం మీద వంతులు రాసుకున్నాము. అయిదున్నర నుండి ఆరు వరకు నాది, ఆరు నుండి ఆరున్నర వరకు వాడి తల్లిది. వంతు ఉన్నవారి ఫోను రెండవవారి సంచిలో ఉంటుంది. వాడి తల్లి కూడ స్త్రీల వేళలో ఈత నేర్చుకుంటున్నది. నిన్నటికి కొలను వెడల్పులో సగం దాకా వెళ్ళగలిగినది.